చుట్టపు కూలీలు

శ్రోతలకు నమస్కారం.

“ఎన్నేళ్ళున్నా వాళ్ళు మనలో కలవరండీ.” పొరుగుదేశం నుంచి వచ్చినవాళ్ళ గురించి ఈ మాట ఏ దేశంలోనైనా వినబడుతుంది. జర్మనీలో టర్కీవాళ్ళ గురించి అరవై ఏళ్ళుగా వినబడుతూనే ఉంది.

1961 ఆగస్టులో బెర్లిన్ గోడ లేచింది. తూర్పు జర్మనీ నుంచి వచ్చే పనివాళ్ళు ఆగిపోయారు. పశ్చిమ జర్మనీలో ఫ్యాక్టరీలు, గనులు చూస్తే జోరుమీదున్నాయి, మనుషులు చాలడం లేదు. ఆ అక్టోబరు 30న టర్కీతో ఒప్పందం కుదిరింది. వచ్చినవాళ్ళను ‘గాస్ట్ ఆర్బైటర్’ అన్నారు. గాస్ట్ అంటే చుట్టం, ఆర్బైటర్ అంటే పనివాడు. మనమైతే చుట్టం తిన్న విస్తరి తాను తీయబోయినా ఊరుకోం. వాళ్ళు చుట్టాన్ని బొగ్గుగనిలోకి దింపారు.

ఇస్తాంబుల్‌లో జర్మనీ వాళ్ళ ఆఫీసు ఉండేది. అక్కడ మగవాళ్ళను లోదుస్తులతో వరసగా నిలబెట్టి, సంతలో ఎద్దుకు చూసినట్టు పళ్ళు కూడా చూశారు. పాసైనవాళ్ళు రెండు రోజులకు పైగా రైల్లో కూర్చుని మ్యూనిక్ స్టేషన్‌లో 11వ నంబరు ప్లాట్‌ఫారం మీద దిగేవారు. ఆ ప్లాట్‌ఫారం కిందే యుద్ధకాలపు బంకర్ ఒకటి ఉంది. అక్కడికి తీసుకెళ్ళి తిండి పెట్టి, ఎవరు ఏ కంపెనీకో పేర్లు పిలిచి పంపేవారు.

మొదటి ఒప్పందం ప్రకారం రెండేళ్ళు పని చేసి వెళ్ళిపోవాలి. భార్యాపిల్లల్ని తెచ్చుకోకూడదు. రెండేళ్ళలో వెళ్ళేవాడికి భాష ఎవరు నేర్పుతారు? వాడు మాత్రం ఎందుకు నేర్చుకుంటాడు? ఫ్యాక్టరీ పక్కనే హాస్టల్, గదిలో అంతస్తుల మంచాలు, పనిచోట దుబాసీ. అయితే పని నేర్చినవాణ్ణి పంపేసి కొత్తవాణ్ణి తెచ్చుకోవడం నష్టమని యజమానులే గోల పెడితే, 1964లో ఆ గడువు తీసేశారు. వీళ్ళూ ‘ఇంకో ఏడాది, ఊళ్ళో ఇల్లు పూర్తవగానే’ అనుకుంటూ ఉండిపోయారు. అమెరికాలో మన పిల్లలు ‘ఇంకో రెండేళ్ళు’ అనడం లేదూ, అచ్చం అలాగే.

1973లో చమురు సంక్షోభం వచ్చింది, కూలీల్ని రప్పించడం ఆపేశారు. దాంతో సంఖ్య తగ్గాలి కదా? పెరిగింది! ఒకసారి వెళ్తే మళ్ళీ రానివ్వరన్న భయంతో ఉన్నవాళ్ళు కదల్లేదు సరికదా, ఇంటిల్లిపాదినీ పిలిపించుకున్నారు. 1983లో, ఉద్యోగం పోయినవాళ్ళు తిరిగి వెళ్తే మనిషికి 10,500 మార్కులు, అంటే అప్పటి జర్మనీ డబ్బు, ఇస్తామన్నారు. కొందరు తీసుకుని వెళ్ళారు. ఎక్కువమంది ఉండిపోయారు.

నాకు మనసులో మెదిలేది ఆ ఇళ్ళలోని పిల్లలు. బడిలో జర్మన్, ఇంట్లో టర్కిష్. తల్లిని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే పదేళ్ళ కూతురే ఇద్దరికీ మధ్య మాట అందించాలి. అమ్మ ఆడరోగం గురించి చెప్పబోయి ఆగిపోతుంది, పిల్ల తల దించుకుంటుంది. వేసవి సెలవులకు కారు నిండా సామాన్లు వేసుకుని టర్కీ వెళ్తే అక్కడి బంధువులు వీళ్ళను ‘అల్మాన్‌జీ’, అంటే జర్మనీవాళ్ళు, అంటారు. జర్మనీలోనేమో టర్కీవాళ్ళు. అక్కడే పుట్టినా పౌరసత్వం రాదు, ఎందుకంటే 1913 నాటి చట్టం రక్తసంబంధాన్నే చూసేది. 2000 జనవరి నుంచి గానీ విదేశీయుల పిల్లలకు, అదీ షరతులతో, పుట్టుకతో పౌరసత్వం దొరకలేదు. వచ్చినవాళ్ళకు 600 గంటల భాషా పాఠాలతో ప్రభుత్వ కోర్సు 2005లో మొదలైంది. మొదటి రైలు వచ్చిన నలభై ఏళ్ళు దాటాక!

కలవలేదన్న తప్పులో టర్కీ ఇళ్ళ వాటా లేదనను. ఆడపిల్లను గడప దాటనివ్వని తండ్రులు ఉన్నారు. కానీ చుట్టానికి పెట్టె విప్పవద్దని ముందు చెప్పింది పిలిచిన జర్మనీవాళ్ళే. ఆ కూలీల ఇళ్ళ నుంచే, టర్కీలోని ఇస్కెందెరున్‌లో పుట్టి నాలుగేళ్ళప్పుడు జర్మనీలోని కొలోన్‌కు వచ్చిన ఉగుర్ షాహిన్ ఎదిగాడు. తండ్రి ఫోర్డ్ కార్ల ఫ్యాక్టరీ కార్మికుడు. కోవిడ్ టీకా తెచ్చిన బయోఎన్‌టెక్ కంపెనీని స్థాపించినవాళ్ళలో కొడుకు ఒకడు.

2024 జూన్‌లో చట్టం మళ్ళీ మారింది. టర్కీ పాస్‌పోర్టు వదులుకోకుండానే జర్మన్ పౌరుడు కావచ్చు. అందులో పెద్దవాళ్ళ కోసం ఒక వెసులుబాటు పెట్టారు. 1974 జూన్ ఆఖరులోపు వచ్చిన చుట్టపు కూలీలకు రాతపరీక్ష లేదు, జర్మన్‌లో మాట్లాడగలిగితే చాలు. 1964లో పాతికేళ్ళ కుర్రాడిగా ఆ 11వ ప్లాట్‌ఫారం మీద దిగినవాడికి అప్పటికి ఎనభై అయిదేళ్ళు.

నమస్కారం.