మీ అమ్మాయి సొరోరిటీలో చేరతానంటే
(మిషిగన్‌లోని తెలుగు కుటుంబాల సమావేశంలో ఒక డాక్టరమ్మ చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

ఈ మధ్య తల్లిదండ్రులు నన్ను పక్కకి పిలిచి అడుగుతున్న మాట ఒకటుంది. "డాక్టరుగారూ, మా అమ్మాయి ప్రీమెడ్ చదువుతూ సొరోరిటీలో చేరతానంటోంది. చదువు గంగలో కలుస్తుందేమో!" సొరోరిటీ అంటే కాలేజీలో ఆడపిల్లల సంఘం, ప్రీమెడ్ అంటే మెడికల్ కాలేజీకి ముందు చదివే డిగ్రీ. మీ భయం నాకు అర్థమవుతుంది. పార్టీల కోసమే నడిచే సొరోరిటీలు లేవని నేను అనను. కానీ డాక్టర్లు కావాలనుకున్న ఆడపిల్లలు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోవడానికి పెట్టుకున్న సంఘాలు వేరు. వాటి చరిత్ర మొదలైంది ఎక్కడో కాదు, మనకు కూతవేటు దూరంలో ఉన్న ఆన్ ఆర్బర్‌లోనే.

మిషిగన్ విశ్వవిద్యాలయం 1870లో మెడికల్ కాలేజీలోకి ఆడవాళ్లను రానిచ్చింది. రానిచ్చిందే గానీ, మగవాళ్ల పక్కన కూర్చోనివ్వలేదు, పాఠాలు విడిగా చెప్పించింది. 1882లో మగ విద్యార్థులు 'న్యూ సిగ్మా న్యూ' అనే వైద్య విద్యార్థుల సంఘం పెట్టుకున్నారు. ఆడపిల్లలకు అందులో చోటు లేదు. 1890లో వాళ్లు తమ సంఘం తామే పెట్టుకున్నారు, పేరు ఆల్ఫా ఎప్సిలాన్ అయోటా. తర్వాత వేరే మెడికల్ కాలేజీల్లోనూ దానికి శాఖలు వచ్చాయి.

పుస్తకంలో ఉన్నది ఎవరైనా చదువుకోగలరు. ఏ ఆసుపత్రిలో ఆడవాళ్లను పని నేర్చుకోనిస్తారు, ఏ సర్జను ఆపరేషన్ గదిలోకి రానిస్తాడు, సిఫార్సు ఉత్తరం ఎవరిని అడగాలి, ఇవి సీనియర్లు చెబితే తెలిసే సంగతులు. మగపిల్లలకు భోజనాల దగ్గర మాటల్లోనే తెలిసిపోయేవి. ఆ బల్ల దగ్గర కుర్చీ లేనివాళ్లు తమ బల్ల తాము వేసుకున్నారు. 1904లో కార్నెల్ మెడికల్ కాలేజీలో యూదు విద్యార్థులు ఫై డెల్టా ఎప్సిలాన్ పెట్టుకున్నదీ ఇలాగే, మిగతా సంఘాలు వాళ్లను రానివ్వకపోతేనే. ఇవాళ అందులో ఆడపిల్లలూ ఉన్నారు, ప్రీమెడ్ పిల్లలకూ చాలా కాలేజీల్లో శాఖలున్నాయి.

ఇలాంటి స్నేహాలు ఎంత దూరం వెళ్తాయో చెప్పడానికి నేనెప్పుడూ డొరతీ ఫెరెబీ అనే నల్లజాతి డాక్టరమ్మ పేరు ఎత్తుతాను. ఆల్ఫా కప్పా ఆల్ఫా 1908లో హోవర్డ్ విశ్వవిద్యాలయంలో నల్లజాతి విద్యార్థినులు స్థాపించిన సొరోరిటీ. అది వైద్య సంఘం కాదు, అయినా 1935 వేసవిలో ఆ సభ్యులు ఫెరెబీ నాయకత్వంలో పేదలకు వైద్యం చేయడానికి మిసిసిపీకి బయల్దేరారు. రైల్లో నల్లవాళ్లకు జరిగే అవమానాలు తప్పించుకోవడానికి సొంత కార్లలో వెళ్లారు. అక్కడి పత్తి తోటల యజమానులు కూలీలను వీళ్ల క్లినిక్కులకు పంపేది లేదన్నారు. సరే, మీరు పంపకపోతే మేమే వస్తామని మందులూ సూదులూ కార్లలో పెట్టుకుని తోటల్లోకే వెళ్లి పిల్లలకు డిఫ్తీరియా, మశూచి టీకాలు వేశారు. యుద్ధకాలంలో పెట్రోలుకూ టైర్లకూ రేషన్ వచ్చేదాకా ఏటా వేసవిలో వెళ్తూనే ఉన్నారు.

గుంటూరు వాళ్లు ఇక్కడ చాలామంది కనిపిస్తున్నారు. కుగ్లర్ ఆసుపత్రిలో పుట్టినవాళ్లు కూడా ఉండే ఉంటారు. ఆనా కుగ్లర్ 1879లో ఫిలడెల్ఫియాలోని ఆడవాళ్ల మెడికల్ కాలేజీ నుంచి పట్టా పుచ్చుకుని, 1883లో గుంటూరు చేరారు. 1898లో అక్కడ ఆసుపత్రి తెరిచారు. దాని వెనక అమెరికాలోని లూథరన్ మహిళా సంఘాలు పోగుచేసిన డబ్బుంది.

ఇక మన పిల్లల సంగతి. మనం ఎంసెట్ రాసిన వాళ్లం. ర్యాంకు వస్తే సీటు, లేకపోతే లాంగ్ టర్మ్ కోచింగు. ఇక్కడ అలా కాదు. నాలుగేళ్ల డిగ్రీ, అందులో ఆర్గానిక్ కెమిస్ట్రీ లాంటి గండాలు, ఏడున్నర గంటల ఎంక్యాట్ అనే మెడికల్ ప్రవేశ పరీక్ష. అవన్నీ దాటాక కూడా డాక్టర్ల వెంట ఉండి పని చూసే షాడోయింగ్, రోగుల మధ్య గడిపిన గంటలు, వ్యాసాలు, ఇంటర్వ్యూలు చూస్తారు. దరఖాస్తు పెట్టిన వాళ్లలో సగానికి పైగా ఆ ఏడాది సీటు రాదు. జూన్‌లో పంపాల్సిన దరఖాస్తు సెప్టెంబరులో పంపితే ఎంత నష్టమో మనలో ఎంతమందికి తెలుసు? నేను ఇండియాలో ఎంబీబీఎస్ చేసి వచ్చినదాన్ని, ఈ దారి నాకూ కొత్తదే. అందుకే మన పిల్లలకు మనకంటే, వాళ్లకు రెండేళ్లు ముందున్న అక్కలు ఎక్కువ పనికొస్తారు.

ఇలాంటి సంఘం శాఖ ఒకటి మాక్ ఇంటర్వ్యూలకు, అంటే ఇంటర్వ్యూ సాధనకు, పిలిస్తే వెళ్లాను. గది తలుపుకు కాగితం అంటించారు: "మీ స్నేహితురాలు పరీక్షలో కాపీ కొడుతుంటే చూశారు. ఏం చేస్తారు?" రెండు నిమిషాలు చదువుకుని లోపలికి వెళ్లి మాట్లాడాలి. మన తెలుగమ్మాయి ఒకతె "ప్రొఫెసర్‌కి చెప్పేస్తాను" అని అర నిమిషంలో ముగించేసింది. ఎదురుగా ఉన్నది మెడికల్ కాలేజీ రెండో ఏడు చదువుతున్న సీనియర్. "ముందు ఆ పిల్లతో మాట్లాడవా? నువ్వు చూసింది తప్పయితే?" అంది. అమ్మాయి బయటికెళ్లి, మళ్లీ తలుపు తట్టింది. ఈసారి స్నేహితురాలిని ఏమని అడుగుతుందో, ఆమె ఏడిస్తే ఏం చేస్తుందో కూడా చెప్పింది. ఆ సీనియర్‌కి మర్నాడు పరీక్ష ఉంది. అయినా రాత్రి పది దాకా కూర్చుంది.

2017లో మొదటిసారి అమెరికా మెడికల్ కాలేజీల్లో కొత్తగా చేరిన వాళ్లలో ఆడపిల్లలు సగం దాటారు. ఆర్థోపెడిక్స్ లాంటి చోట్ల ఇంకా చాలా తక్కువే, కాబట్టి ఈ సంఘాల పని అయిపోలేదు.

చేర్చే ముందు కొన్ని అడగండి. ఏడాదికి ఎంత కట్టాలి? వారానికి ఎన్ని గంటలు? పోయినేడు ఎంతమంది దరఖాస్తు పెట్టారు, ఎంతమందికి వచ్చింది? కొత్త సభ్యులను ర్యాగింగ్ లాంటిది ఏమైనా చేస్తారా? ఆఖరి ప్రశ్నకు నీళ్లు నమిలితే అక్కడ చేర్చకండి.

మీ కాలేజీలో అలాంటి సంఘం లేకపోతే, అమ్మాయిలూ, ఈ హాల్లోనే మొదలుపెట్టండి. వెనక బల్ల దగ్గర ముగ్గురు రెసిడెంట్లు, అంటే ఆసుపత్రిలో శిక్షణలో ఉన్న డాక్టర్లు, భోజనాలయ్యేదాకా ఉంటారు. దరఖాస్తు వ్యాసం తెచ్చుకున్నవాళ్లు చూపించుకోండి, తెచ్చుకోనివాళ్లు మీ పేరు, ఏ ఏడాది చదువుతున్నారో రాసిచ్చి వెళ్లండి, వాళ్లే ఫోన్ చేస్తారు.