మెడ తిప్పితే కళ్ళు ఏం చెప్పాయి?

శ్రోతలకు నమస్కారం.

ఫిజియోథెరపీ చాలామందికి సగంలో ఎందుకు ఆగిపోతుంది? నొప్పి తగ్గి కాదు, విసుగొచ్చి. చెయ్యి ఎత్తు, దించు. మళ్ళీ ఎత్తు, దించు. పక్కన థెరపిస్టు ఉంటే చేస్తాం. ఇంటికొచ్చాక ఎవరు చూడొచ్చారు?

అందుకే ఇప్పుడు వర్చువల్ రియాలిటీ హెడ్‌సెట్ ఇంటికే వస్తోంది. కళ్ళకు తగిలించుకుంటే ఎదురుగా ఇంకో లోకం. అక్కడ మీరు చెయ్యి చాపి బంతి అందుకుంటారు. ఎంత చాపారో, ఎన్నిసార్లు చాపారో దూరాన ఉన్న థెరపిస్టుకు తెలుస్తుంది.

సరే, ఆటల సంగతి అలా ఉంచి, నాకు బాగా నచ్చిన ప్రయోగం ఒకటి చెప్తాను. 2015లో ఆస్ట్రేలియా పరిశోధకులు ప్రచురించారు. మెడనొప్పి ఉన్న 24 మందిని కూర్చోబెట్టి, హెడ్‌సెట్ పెట్టి, తల తిప్పండి, నొప్పి మొదలవగానే ఆపండి అన్నారు. మాయ ఎక్కడుందంటే, తలతోపాటు లోపల దృశ్యం కూడా తిరుగుతుంది కదా, దాన్ని ఒక్కోసారి ఉన్నదున్నట్టు తిప్పారు. ఒక్కోసారి 20 శాతం తగ్గించారు. అంటే మెడ 50 డిగ్రీలు తిరిగినా కంటికి 40 డిగ్రీలే. ఇంకోసారి 20 శాతం పెంచారు. మెడ తిరిగింది 50, కంటికి కనిపించింది 60.

ఏమైంది? తక్కువ తిరిగినట్టు కనిపిస్తే, నొప్పి లేకుండా 6 శాతం ఎక్కువ తిప్పగలిగారు. ఎక్కువ తిరిగినట్టు కనిపిస్తే, 7 శాతం ముందే నొప్పి పుట్టింది. మెడ అదే, కండరం అదే, నరం అదే. మారింది కంటికి కనిపించింది మాత్రమే.

అలాగని ఆ నొప్పి ఉత్తిదనుకోకండి. అంతా నీ భ్రమే అనే మాట నాకసలు గిట్టదు. నొప్పి నిజమే. ఎక్కడ ఆపాలో తేల్చేటప్పుడు మెదడు కంటి మాట కూడా వింటుంది, అంతే. ఇది అప్పటికప్పుడు కనిపించిన తేడా, చికిత్స కాదు. కానీ దృశ్యం ఎంత తిరగాలో దూరం నుంచే మార్చే వీలుందంటే, థెరపిస్టు చేతికి కొత్త పనిముట్టు దొరికినట్టే.

మోకాలి సంగతి వేరు. మామూలు హెడ్‌సెట్‌కు తెలిసేది తల, రెండు చేతులు. కాలు ఎటుందో దానికి తెలియదు. మోకాలి ఆపరేషనైనవారికి ఎదురుగా కెమెరా పెట్టే పద్ధతే నయం. 2010లో ఆటల కోసం వచ్చిన కినెక్ట్ కెమెరాను థెరపిస్టులు వాడుకున్నది అందుకే.

ఒక జాగ్రత్త. హెడ్‌సెట్ పెట్టుకుంటే నేల కనిపించదు. తూలేవారు, పక్షవాతం నుంచి కోలుకుంటున్నవారు చక్రాల్లేని కుర్చీలో కూర్చునే చెయ్యాలి. పక్కన మనిషి ఉండాలి. తల తిరిగినా, వికారం పుట్టినా వెంటనే తీసెయ్యాలి.

మొదలుపెట్టే ముందు థెరపిస్టును ఒక్కమాట అడగండి: నేను చేస్తుంటే చూస్తారా, తర్వాత లెక్కలు మాత్రమే చూస్తారా? ఎందుకంటే భుజం లేవకపోతే మనం నడుము వంచి మరీ బంతి అందుకుంటాం. ఆటలో మార్కులు పడతాయి. భుజం మాత్రం ఉన్నచోటే ఉంటుంది. వారానికొక్కసారైనా వీడియోలో మీ ఒళ్ళంతా కనిపించేలా చూడమనండి.

సెలవు.