చదును రేకు నుంచి గుండ్రని మడ్‌గార్డు దాకా

(పర్లాకిమిడిలో టింకరింగ్ మేస్త్రీలు, ఐటీఐ విద్యార్థుల ఎదుట చేసిన ప్రసంగం)

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ షెడ్ల నుంచి పని ఆపుకొని వచ్చిన మేస్త్రీలందరికీ, విద్యార్థులకూ నమస్కారం.

కోరాపుట్ జిల్లా పంచపట్మాలి కొండల్లో తవ్విన బాక్సైట్ అనే ముడి ఖనిజాన్ని ప్రభుత్వ సంస్థ నాల్కో దామన్‌జోడిలో అల్యూమినా పొడిగా మారుస్తుంది. అది అంగుల్ చేరి అల్యూమినియం లోహమవుతుంది. కొండ మన పక్కనే ఉన్నా, మన షెడ్లలో మాత్రం అందరి చేతులూ ఇనుప రేకుకే అలవాటు పడ్డాయి. ఈ రోజు నేను చెప్పబోయేది అల్యూమినియం రేకుతో పాత స్పోర్ట్స్ కార్ల నమూనాలకు, అంటే అచ్చం వాటిలాగే కొత్తగా కట్టే బండ్లకు, చేత్తో బాడీ కట్టే పని గురించి.

ఇంగ్లండులో ఏసీ అనే కార్ల సంస్థ 1953లో తెచ్చిన ఏస్ కారు గొట్టాల చట్రం మీద అల్యూమినియం తొడుగు ఉన్న బండి. దానిలోనే 1962లో అమెరికావాడైన కారల్ షెల్బీ ఫోర్డ్ వారి ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజను పెట్టించగా కోబ్రా అనే కారు పుట్టింది. ఇప్పుడు తయారయ్యే కోబ్రా నమూనాల్లో ఎక్కువ భాగం ఫైబర్‌గ్లాస్‌వే. అయితే అమెరికాకు చెందిన కిర్కమ్ సంస్థ 1990లలో పోలండ్‌లోని మీలెట్స్‌లో, మిగ్ యుద్ధ విమానాలు కట్టిన కర్మాగారంలో అల్యూమినియం బాడీలు చేయించింది. మన సునాబెడాలో మిగ్ ఇంజన్లు చేసిన పనివారి ఇళ్ల నుంచి వచ్చినవారు ఈ సభలో ఉంటే, లోహపు పనిలో ఆరితేరిన చేతులు దొరికిన చోటికే ఆ పని ఎందుకు వెళ్లిందో వారికి నేను విడమరచి చెప్పనక్కరలేదు.

టింకరింగ్‌లో మనం చేసేది సొట్ట తీయడం, అంటే రేకు ఒకప్పుడున్న ఆకారానికి దానిని తిరిగి తేవడం. ఇక్కడ ఆ పాత ఆకారమే లేదు. అందుకే ముందు బాడీ కొలతలకు కొయ్యతో ఒక అచ్చు కట్టి, దాని మీద మందపాటి కాగితం పరచి చేత్తో అదుముతారు. కాగితం సాగదు, కుంచించుకోదు. కాబట్టి అబద్ధం చెప్పదు. మడ్‌గార్డు అంచు దగ్గర అది ముడుతలు పడితే అక్కడ లోహం ఎక్కువైనట్టు, దానిని దగ్గరికి పోగుచేయాలి. నడుమ భాగాన్ని అచ్చుకు ఆనించాలంటే కాగితం చింపవలసి వస్తే అక్కడ లోహం చాలనట్టు, సాగదీయాలి. సాగదీయడం సులువు: ఇసుక నింపిన తోలు సంచి మీద రేకు పెట్టి కొయ్యసుత్తితో కొడితే గుంట పడుతుంది, అక్కడ రేకు పలచబడుతుంది. పోగుచేయడమే అసలు విద్య. అంచున చీర కుచ్చిళ్లలా మడతలు తెచ్చి, అవి తిరిగి విచ్చుకోకుండా ఒక్కొక్కటిగా అణగగొడితే రేకు అక్కడ మందమవుతుంది. బిందె మెడ సన్నం చేసే కంచరికి ఇది తెలిసిన సంగతే.

దెబ్బ తగిలే కొద్దీ రేకు బిరుసెక్కి, చివరకు అంచు పగులుతుంది. అంతకు ముందే కాల్చి మెత్తబరచాలి. ఇక్కడే ఇనుముకు అలవాటు పడిన కన్ను మోసపోతుంది. అల్యూమినియం ఎర్రబడదు, 660 డిగ్రీల దగ్గర ఉన్నట్టుండి కరిగిపోతుంది. ఎరుపు కోసం ఎదురుచూస్తూ నా మొదటి మడ్‌గార్డు నడుమ అరచేయంత రంధ్రం చేసుకున్నాను. ఆ తరువాత నేర్చుకున్న ఉపాయం బట్టల సబ్బు: రేకు మీద సబ్బు గీత గీసి, గ్యాస్ మంట కదుపుతూ వేడి చేస్తే, 350 నుంచి 400 డిగ్రీల ప్రాంతంలో గీత గోధుమ రంగు దాటి నల్లబడుతుంది. అక్కడ ఆపాలి. ఈ పనికి వాడే మెత్తని రకాలను వెంటనే నీళ్లలో ముంచినా నష్టం లేదు.

కొట్టిన గుంటలను రెండు చక్రాల నడుమ నడిపి నున్నగా చేయడం ఓపికతో వచ్చే పని. దానిని మాటల్లో చెప్పడం దండగ.

అతుకు గురించి మాత్రం ఒక హెచ్చరిక. లోహం 660 డిగ్రీలకే కరిగినా, దాని మీది సన్నని ఆక్సైడ్ పొర 2,000 డిగ్రీలు దాటితే గాని కరగదు. అందుకే ఆ పొరను తొలగించే ఫ్లక్స్ అనే మందు పూసి, అదే రేకు నుంచి కత్తిరించిన సన్నని పట్టీని కడ్డీగా వాడుతూ అతుకుతారు. పని కాగానే ఫ్లక్స్‌ను వేడినీళ్లతో తోమి కడగకపోతే, పెయింటు కింద అది రేకును తినేస్తుంది. ఇనుప గొట్టానికి రేకు నేరుగా తగిలి తేమ చేరినా అంతే. నడుమ ఏదైనా పొర ఉండాలి.

బయట చింతచెట్టు కింద మొద్దు, ఇసుక సంచి, ఒకటిన్నర మిల్లీమీటర్ల రేకు సిద్ధంగా ఉన్నాయి. సుత్తి పట్టుకునే ముందు ఒక్కొక్కరూ ఒక కాగితం తీసుకుని అచ్చు దగ్గరికి రండి.