మిల్లు ఆగిన నెలల లెక్క

శ్రోతలకు నమస్కారం.

దసరా దాటిందంటే ఆదోని మార్కెట్ యార్డు దారిలో పత్తి బండ్లు బారులు తీరతాయి. పత్తి నుంచి గింజలు వేరుచేసే జిన్నింగ్ మిల్లులో ఐదు నిమిషాలు నిలబడితే కనుబొమ్మల మీద కూడా దూది వాలుతుంది. అదే మిల్లుకు మే నెలలో పోండి. షట్టరు దించి ఉంటుంది, నీడన వాచ్‌మన్ మంచం వేసుకొని ఉంటాడు.

ఆ మిల్లులో రెండు రకాల డబ్బు ఉంది. షెడ్డు, మిషన్లు, బేళ్లు కట్టే ప్రెస్సు, ఇదంతా కదలని డబ్బు. పత్తి కొనేది తిరిగే డబ్బు. మనవాళ్లు రొటేషన్ అంటారు. క్వింటాల్ పత్తి ఆడిస్తే సుమారు మూడో వంతు దూది, మిగిలింది చాలావరకు గింజలు. దూది 170 కిలోల బేళ్లుగా స్పిన్నింగ్ మిల్లుకు, గింజలు నూనె మిల్లుకు పోతాయి. వాళ్లు డబ్బిస్తేనే మళ్లీ పత్తి కొనేది. అలా డబ్బు ఒకసారి తిరిగొస్తే ఒక తిప్పు.

ఊరికే ఒక లెక్క వేద్దాం. కదలని డబ్బు 2 కోట్లు, రొటేషన్ 1 కోటి, అంతా సొంతమే అనుకోండి. కూలీ, కరెంటు పోగా ఒక్కో తిప్పుకు 4 లక్షలు మిగులుతుంది. ఆరు నెలల సీజన్‌లో ఆరు తిప్పులు, 24 లక్షలు. ఓనరు మురిసిపోతాడు: కోటికి 24 లక్షలు, అంటే రెండు రూపాయల వడ్డీ గిట్టింది!

గిట్టలేదు. పెట్టింది 3 కోట్లు కదా, నూటికి 8 పడింది. మిషన్ల అరుగుదల కింద ఏడాదికి 10 లక్షలు తీస్తే మిగిలేది 14 లక్షలు, నూటికి 5 కూడా లేదు. ఓనరు జీతం ఇంకా లెక్కలోకే రాలేదు. సొంత డబ్బుకు వడ్డీ ఎందుకని చాలామంది వదిలేస్తారు. ఆ డబ్బే బ్యాంకులో ఉంటే ఊరికే ఉండేదా?

నాకు తెలిసిన ఒకాయన మొన్న అడిగాడు, బండ్లు క్యూ కడుతున్నాయి, ఇంకో రెండు మిషన్లు దించమంటావా అని. ఉన్నవే సగం ఏడాది నిద్రపోతున్నాయి, ముందు నీ బాకీలు ఎన్ని రోజులకు వస్తున్నాయో చూడు అన్నాను. పత్తి కొన్న రోజు నుంచి డబ్బు చేతికొచ్చే దాకా 30 రోజులైతే సీజన్‌కు ఆరు తిప్పులు. 45 రోజులైతే నాలుగే. అరుగుదల పోగా 6 లక్షలు మిగిలితే గొప్ప.

రెండు రోజులకు ఫోన్ చేశాడు.

"నలభై ఏడు రోజులన్నా," అన్నాడు. మిషన్ల మాట ఎత్తలేదు.