మొదటి కాగితం రాసేదెవరు?

అందరికీ నమస్కారం.

2020 మే 25న అమెరికాలోని మినియాపొలిస్ నగరంలో పోలీసుల చేతిలో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి మనిషి చనిపోయాక, అక్కడి పోలీసులు ఇచ్చిన మొదటి ప్రకటన మీలో కొందరైనా చదివే ఉంటారు. అనుమానితుడు ప్రతిఘటించాడు, బేడీలు వేశారు, ఒంట్లో బాగోలేనట్టు కనిపిస్తే అంబులెన్స్ పిలిపించారు, ఆసుపత్రిలో చనిపోయాడు. అంతే. ఒక అధికారి అతని మెడ మీద మోకాలు పెట్టిన సంగతి అందులో ఒక్క ముక్క లేదు. అక్కడ నిలబడి చూస్తున్న పదిహేడేళ్ల అమ్మాయి సెల్‌ఫోన్‌లో తీసిన వీడియో వెంటనే లోకమంతా తిరిగింది. 2021 ఏప్రిల్‌లో జ్యూరీ ఆ అధికారిని హత్యానేరం కింద దోషిగా తేల్చింది. ఆ పిల్ల ఆ సాయంత్రం ఆ వీధిలో లేకపోయి ఉంటే, బహుశా ఆ ప్రకటనే రికార్డుల్లో మిగిలేది.

లాఠీ, తుపాకీ, లాకప్, ముఖాల్ని గుర్తుపట్టే కెమెరాలు... పోలీసుల గురించి మాట్లాడుకోవడానికి గొడవలకేం తక్కువ లేదు. ఇవాళ నేను వాటిని ఒకే కొసన పట్టుకుంటాను. ఏ ఘటన జరిగినా మొదట రాసేది పోలీసులే. ఎఫ్ఐఆర్, పంచనామా, వాంగ్మూలం, కేసు డైరీ. జడ్జికీ, విలేకరికీ, కొన్నిసార్లు చనిపోయినవాడి ఇంటివాళ్లకీ చేరేది ఆ రాతే. మరి ఆ రాతను సరిచూసేదెవరు?

ఈ అనుమానం కొత్తదేం కాదు. భారత్‌లో 1872 నాటి సాక్ష్య చట్టం 25వ సెక్షన్ ఏమనేది? పోలీసు అధికారి ముందు ఒప్పుకున్న నేరం నిందితుడి మీద రుజువుగా పనికిరాదనేది. పోలీసు దళాన్ని నిలబెట్టిన వలస పాలకులే, అదే దళం రాసుకొచ్చిన ఒప్పుకోలును నమ్మలేదన్నమాట! 2023లో వచ్చిన కొత్త చట్టంలోనూ ఆ నిబంధన ఉంది. అయితే నిందితుడు చెప్పినదాన్ని బట్టి ఏదైనా వస్తువు దొరికితే, అందుకు సంబంధించినంత మేరకు ఆ మాట చెల్లుతుంది. దాంతో ఒత్తిడంతా రికవరీ మీదికి, అంటే ఆ వస్తువును పట్టుకోవడం మీదికి మళ్లింది. ఒప్పుకోలుకు తలుపు మూశారు గానీ కిటికీ తెరిచే ఉంచారు.

ఇంగ్లండ్ ఇంకో దారి పట్టింది. పోలీసుల అధికారాల మీద తెచ్చిన 1984 చట్టం తర్వాత నిందితుల విచారణను టేపు మీద రికార్డు చేయడం తప్పనిసరి అయింది. పోలీసులు మొదట ఇష్టపడలేదు. తర్వాత ఆ టేపుల్ని పరిశోధకులు కూర్చుని పరిశీలించారు. అందరూ భయపడింది దౌర్జన్యం గురించి. వాళ్లకు ఎక్కువగా కనిపించింది చేతకానితనం. ఇతనే చేశాడని ముందే తేల్చుకుని, అవుననిపించుకోవడానికే ప్రశ్నలు వేయడం. అతను చెబుతున్నది వినకపోవడం. ఆ సిగ్గులోంచే 1990ల తొలినాళ్లలో కొత్త శిక్షణ పుట్టింది: ముందు నిందితుణ్ణి పూర్తిగా చెప్పనివ్వాలి, ఆ తర్వాతే ఆధారాలతో పోల్చి అడగాలి. నన్నడిగితే పోలీసు సంస్కరణల్లో ఇంతకంటే విలువైనది తక్కువ. దీనికి పెద్ద పరికరాలేం అక్కర్లేదు, ఒక టేపు రికార్డరూ, వినే ఓపికా చాలు. నిజాయతీగా పనిచేసే అధికారికి కూడా ఆ టేపే రక్ష. రేపు ఎవరైనా కొట్టాడని అబద్ధమాడితే చూపించడానికి ఒకటి ఉంటుంది కదా.

అలాంటప్పుడు ప్రతి పోలీసు చొక్కాకీ కెమెరా తగిలిస్తే సరిపోదా? చాలామంది అలాగే అనుకున్నారు. కాలిఫోర్నియాలోని రియాల్టో అనే చిన్న ఊళ్లో 2012లో మొదలుపెట్టిన ప్రయోగంలో ఫిర్యాదులు బాగా తగ్గాయి. వాషింగ్టన్ నగరంలో 2,200 మందికి పైగా పోలీసులతో చేసి, 2017లో బయటపెట్టిన అధ్యయనంలో మాత్రం కెమెరా ఉన్నవాళ్లకీ లేనివాళ్లకీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కారణాలు చాలా చెబుతారు. నాకు మాత్రం షికాగో గుర్తొస్తుంది. 2014 అక్టోబరులో అక్కడ పదిహేడేళ్ల కుర్రాడి మీద ఒక అధికారి 16 తూటాలు పేల్చాడు. కత్తితో మీదికొచ్చాడని పోలీసులు రాశారు. పోలీసు కారులోని కెమెరాలో ఆ కుర్రాడు పక్కకు నడిచి పోతున్నాడు. ఆ వీడియో జనం కంటపడటానికి 13 నెలలు పట్టింది, అదీ కోర్టు ఆదేశిస్తేనే. అంటే కెమెరా తన పని తాను చేసింది. బీరువా తాళం ఎవరి దగ్గరుందన్నదే అసలు సంగతి.

ఇక యంత్రాల సంగతి. న్యూయార్క్ పోలీసులు 2011లో వీధుల్లో 6,80,000 సార్లకు పైగా మనుషుల్ని ఆపారు. పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది మీద ఏ కేసూ లేకుండా వదిలేశారు. ఆపిన ప్రతిసారీ ఒక ఫారం నింపాలి. అందులో ఎక్కువగా టిక్కు పడిన గడి ‘అనుమానాస్పదంగా కదిలాడు’ అన్నది! అలాంటి ఫారాలూ, అరెస్టు పుస్తకాలూ మింగిన యంత్రం రేపు ఫలానా వీధిలో నేరం జరగొచ్చంటే, అది చెప్పేది పోలీసులు నిన్న ఎక్కడ తిరిగారన్నదే. లాస్ ఏంజెలెస్ పోలీసులు 2020లో ఇలాంటి సాఫ్ట్‌వేర్ వాడకం మానేశారు. ముఖాల్ని గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్‌తో ఇంకో చిక్కు. అది చూపించిన ముఖాన్ని ఆచూకీగా మాత్రమే తీసుకోవాలి, కానీ కాగితం మీదికి ఎక్కేసరికి అదే ఆధారమైపోతుంది. 2020 జనవరిలో డెట్రాయిట్ పోలీసులు అలాంటి పొరపాటు వల్లే సంబంధం లేని మనిషిని అతని ఇంటి ముందు, భార్యాపిల్లల కళ్లెదుటే బేడీలేసి తీసుకెళ్లారు.

పోలీసుల వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి. రాత చెడటానికి పైనుంచి వచ్చే అంకెల ఒత్తిడి పెద్ద కారణం. నేరాలు తగ్గాయని చూపించాలి, కేసులు తేల్చేశామని చూపించాలి. బ్రిటన్‌లో లెక్కల్ని ఎలా వంచుతున్నారో ఒక కానిస్టేబులే పార్లమెంటు కమిటీ ముందు చెప్పాడు. 2014 జనవరిలో పోలీసులు నమోదు చేసే నేరాల లెక్కలకు, నమ్మదగినవని గుర్తింపునిచ్చే ‘జాతీయ గణాంకాల’ హోదా తీసేశారు. కిందివాడు తప్పు రాస్తే సస్పెన్షను. తప్పు రాయమన్న పైవాడి మాట మాత్రం ఏ కాగితం మీదా ఉండదు.

భారత సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో ప్రతి స్టేషన్‌లోనూ సీసీ కెమెరాలు పెట్టాలనీ, కనీసం ఏడాదిపాటు రికార్డు దాచాలనీ ఆదేశించింది. మంచిదే. కానీ సరిగ్గా కావలసిన రోజు కెమెరా చెడిపోయి ఉంటే? ఫుటేజీ లేకపోతే పోలీసుల వాదన అబద్ధమని అనుకోవచ్చంటూ కోర్టులు మొదలుపెడితే, కెమెరాలు చెడిపోవడం దానంతటదే తగ్గుతుందని నా నమ్మకం.

గడువు సంగతి చెప్పి ఆపుతాను. తూటా పేలిన ఘటనల వీడియోను 60 రోజుల్లో బయటపెట్టాలని షికాగో, 45 రోజుల్లో పెట్టాలని లాస్ ఏంజెలెస్ నియమం పెట్టుకున్నాయి. సాక్షులు ఆ వీడియో చూసి తమ జ్ఞాపకాన్ని మార్చుకుంటారనీ, అధికారి కుటుంబానికి బెదిరింపులు వస్తాయనీ అభ్యంతరాలున్నాయి. రెండూ నిజమే. అందుకే సాక్షుల వాంగ్మూలాలు మొదటి వారంలోనే, బయటి సంస్థ చేత తీయించాలంటాను. ఆ తర్వాత 45 రోజులు చాలు. కాదనేవాళ్లు మీలో ఉంటారు, ముఖ్యంగా ముందు వరుసలో కూర్చున్న యూనిఫాం మిత్రులు. మైకు అటువైపే పంపిస్తున్నాను.