శిక్ష: అక్కడ చదువు, ఇక్కడ దండన

[తెరపై: శిక్షా మంత్రాలయ్ / భారత శిక్షాస్మృతి]

వ్యాఖ్యాత: ఈ రెండు పేర్లూ చూడండి. మొదటిది కేంద్ర విద్యాశాఖకు హిందీ పేరు. రెండోది 1860 నాటి నేర చట్టానికి తెలుగు పేరు. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. రెండింట్లోనూ ఉన్నది ఒకే సంస్కృత పదం. అక్కడ బడి, ఇక్కడ జైలు. ఎందుకిలా?

ముందు దాని పుట్టుక చూద్దాం. 'జ్ఞా' అంటే తెలుసుకోవడం, తెలుసుకోవాలన్న కోరిక జిజ్ఞాస. 'పా' అంటే తాగడం, తాగాలన్న కోరిక పిపాస. అలాగే 'శక్' అంటే చేయగలగడం. శక్తి అనే మాట దాన్నుంచి వచ్చిందే. చేతనవ్వాలన్న కోరిక శిక్ష. అంటే మొదట్లో ఈ మాట గురువుది కాదు, నేర్చుకునేవాడిది. ఈ పదంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇదే.

[తెరపై: వర్ణం, స్వరం, మాత్ర, బలం, సామం, సంతానం]

వేదాన్ని సరిగా చదవడానికి తోడ్పడే ఆరు శాస్త్రాలైన వేదాంగాల్లో ఒకటి శిక్ష, అంటే ఉచ్చారణ శాస్త్రం. తైత్తిరీయోపనిషత్తులో మొదటి వల్లి (అధ్యాయం) పేరే శీక్షావల్లి, అక్కడ 'శీ' దీర్ఘం. అందులో శిక్షకు చెప్పిన ఆరు అంశాలు ఇవి. ఏ అక్షరం, ఏ స్వరంలో, ఎంతసేపు, ఎంత బలంగా, ఎంత సమంగా, పక్క అక్షరంతో ఎలా కలిపి పలకాలన్నదంతా ఇందులో ఉంది.

పాణిని పేరుతో ఉన్న ఉచ్చారణ గ్రంథం పాణినీయ శిక్షలో ఒక అద్భుతమైన శ్లోకం ఉంది. ఆడపులి తన పిల్లల్ని నోట కరుచుకుని తీసుకెళ్తుంది. కోర దిగకూడదు, పిల్ల జారిపడకూడదు. అక్షరాన్ని అంత జాగ్రత్తగా పలకాలంటుంది ఆ శ్లోకం.

[తెరపై: సిక్ఖాపదం సమాదియామి]

బౌద్ధుల పాళీలో ఇదే సిక్ఖా. పంచశీలంలో ఒక్కో నియమం 'సిక్ఖాపదం సమాదియామి' అని ముగుస్తుంది. ఎవరో వేసిన ఆజ్ఞ కాదది, ఈ సాధన నేను చేపడుతున్నానని తనకు తాను ఇచ్చుకునే మాట. జైన గృహస్థుల పన్నెండు వ్రతాల్లో నాలుగు శిక్షావ్రతాలు. హిందీ 'సీఖ్‌నా' కూడా ఇక్కడి నుంచే వచ్చింది.

[తెరపై: భారతదేశ పటం]

హిందీ, బెంగాలీ, ఒడియా, అస్సామీల్లో శిక్ష అంటే చదువు. తెలుగు, కన్నడం, మలయాళాల్లో దండన. ఇది ఉత్తరం, దక్షిణం తేడా అనుకునేరు, కాదు. మరాఠీలోనూ దండనే. గుజరాతీలో రెండర్థాలూ నడుస్తాయి.

నేర్పడం, తప్పు దిద్దడం, మందలించడం, దండించడం. సంస్కృతంలోనే ఈ మాట అంత దూరం నడిచింది. మనం చివరి మెట్టు దగ్గర పట్టుకున్నాం. ఈ రెండూ కలిసిపోవడం మనకు కొత్తేమీ కాదు. 'వాడికి బుద్ధి చెప్తా' అన్నప్పుడు చెప్పబోయేది పాఠమా, దెబ్బలా? 'శాస్' అనే ఇంకో ధాతువుదీ, అంటే 'శక్' లాంటి ఇంకో మూలపదానిదీ, ఇదే కథ. శాస్త్రం, శిష్యుడు, శాసనం దాన్నుంచి వచ్చినవే. 'తగిన శాస్తి జరిగింది' అంటామే, ఆ శాస్తి కూడా.

చదువు వైపు అర్థం మనకు 'శిక్షణ'లో మిగిలింది: పోలీసు శిక్షణ, కంప్యూటర్ శిక్షణ. కన్నడం, మరాఠీల్లో అయితే మొత్తం విద్యకే ఆ పేరు.

[తెరపై: దుష్ట శిక్షణ, శిష్ట రక్షణ]

కానీ పురాణం చెప్పేవారి నోట ఈ మాట వినండి. ఇక్కడ శిక్షణ అంటే దండనే. పక్కనున్న 'శిష్ట' కూడా శాస్ ధాతువుదే, దాని అర్థం చక్కగా నేర్చుకున్నవాడు అని.