పాత బండి నడుస్తూ నడుస్తూ ఆగిపోతోందా? స్పార్క్ టెస్టర్, మల్టీమీటర్, కొత్త కార్బొరేటర్.. దేనికి డబ్బు పెట్టాలి?

నమస్తే అన్నా, నమస్తే అక్కా. నల్లగొండ నుంచి దేవరకొండ పోయే రోడ్డు మీద, కనగల్ దాటి కొంచెం ముందుకొచ్చి ఈ వేపచెట్టు కింద ఆగాం. ఆగాం అనేకన్నా బండే ఆగింది. దాని కోసమే వచ్చాం కూడా.

ఇది మా బావ బండి. నంబర్ ప్లేటు చూడండి, ఏపీ 24. తెలంగాణ రాకముందు నల్లగొండలో రిజిస్ట్రేషన్ అయిన బండి. వంద సీసీ, కార్బొరేటర్, కిక్ స్టార్ట్. ట్యాంకు మీద కంపెనీ పేరుకి టేపు వేశాను. ఇంత వయసొచ్చాక ఈ రోగం ఏ కంపెనీ బండికైనా వస్తుంది, ఊరికే ఒకరిని అనడం ఎందుకు.

రోగం ఏంటంటే, పొద్దున ఒక్క కిక్కుకే లేస్తుంది. పది పన్నెండు కిలోమీటర్లు పోయాక పికప్ తగ్గుతుంది. నాలుగో గేరులో లాగదు, మూడుకి దించినా లాగదు, మిస్సింగ్ ఇచ్చి ఇచ్చి ఆగిపోతుంది. ఆ తర్వాత కాలు నొప్పి పుట్టేదాకా కిక్ కొట్టినా లేవదు. అరగంట నీడలో పెడితే మాత్రం ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతుంది. షెడ్డుకి తీసుకుపోతే అక్కడ మంచిగానే ఉంటుంది. మెకానిక్ ప్లగ్ మారుస్తాడు, కార్బొరేటర్ కడుగుతాడు, వారం తిరక్కముందే మళ్ళీ ఇదే పరేషాన్. పాపం, ఆయన తప్పని కూడా అనలేం. ఆయన చేతికొచ్చేసరికి బండి చల్లారిపోయి ఉంటుంది. వేడి మీద వచ్చే రోగాన్ని ఆగిన చోటే, వేడి మీదే చూడాలి. ఆ పనికి ఏ వస్తువు అక్కరకొస్తుందో, ఏది దండగో ఇప్పుడు చూద్దాం.

పైసా ఖర్చు లేని పనులు ముందు. కిల్ స్విచ్, పెట్రోల్ కాక్ చూసుకోండి, నవ్వకండి, సగం ఫోన్లు వాటి గురించే వస్తాయి. బండిని సెంటర్ స్టాండ్ వేసి న్యూట్రల్‌లో వెనక చక్రం చేత్తో తిప్పండి. బరువుగా తిరిగితే బ్రేకు పట్టేసింది, ఇంజన్‌ని తిట్టి లాభం లేదు. ఇంజన్ రయ్యిమని అరుస్తూ బండి మాత్రం ముందుకు పోకపోతే అది క్లచ్ ప్లేట్ల పని.

ఇప్పుడు ట్యాంకు మూత. దీనికి గాలి లోపలికి పోయే సన్నటి దారి ఉంటుంది. పెట్రోల్ కిందికి దిగినంత గాలి పైనుంచి రావాలి. నూనె డబ్బాకి ఒకటే బొక్క పెడితే నూనె ఎట్లా ఆగి ఆగి పడుతుందో, ఆ దారి మూసుకుపోతే పెట్రోల్ కూడా అట్లాగే దిగుతుంది. కార్బొరేటర్‌లో పెట్రోల్ చాలక బండి గుంజదు, ఆగుతుంది. కాసేపు వదిలేస్తే మెల్లగా నిండుతుంది, మళ్ళీ స్టార్ట్. అంటే లక్షణాలన్నీ మన బండివే! వడ్ల సీజన్‌లో రోడ్ల మీద ఆరబోసిన వడ్ల దుమ్ములో తిరిగే బండ్లకి ఇది మామూలే. అందుకే ఆగిన వెంటనే తాళం పెట్టి మూత తీయండి. ఉస్సుమని గాలి పీల్చిన చప్పుడొచ్చి, రెండు నిమిషాల్లో బండి లేచిందా, రోగం దొరికినట్టే. మూతని శుభ్రం చేయించండి, లేదా మార్చండి. లూజుగా పెట్టి మాత్రం నడపొద్దు, కింద వేడి ఇంజన్ ఉంది.

బావ బండి మూత తీస్తున్నా, వినండి... చప్పుడు లేదు. కాక్ మూసి, పైపు ఊడదీసి సీసాలో పెట్టి కాక్ తెరుస్తున్నా. సిగరెట్ ఉన్నవాళ్ళు దూరం. ధార చూడండి, సన్నబడకుండా ఒకే తీరుగా వస్తోంది. ఇక్కడిదాకా పెట్రోల్ మంచిగనే వస్తోందన్న మాట.

ఇక మొదటి వస్తువు, స్పార్క్ టెస్టర్. రెండొందల లోపు దొరుకుతుంది. ప్లగ్ క్యాప్ ఊడదీసి, క్యాప్‌కీ ప్లగ్‌కీ మధ్య దీన్ని పెట్టాలి. కిక్ కొట్టినప్పుడల్లా లోపలి బల్బు మెరవాలి. నాకు ఇందులో బాగా నచ్చింది, మండుతున్న ఇంజన్ మీద ప్లగ్ విప్పే బాధ లేకపోవడం. ప్లగ్ విప్పి హెడ్‌కి ఆనించి చూసే పాత పద్ధతిలో ప్లగ్ రంధ్రంలోంచి పెట్రోల్ ఆవిరి వస్తుంటుంది, పక్కనే స్పార్క్, భయమే కదా. లోపాలు లేవా అంటే ఉన్నాయి. మే ఎండలో ఈ బల్బు కనపడదు, ఇదిగో ఇట్లా తువ్వాల కప్పి చూడాలి. ఇంకోటి, ప్లగ్ మసిపట్టి ఉంటే కరెంటు ఆ మసిలోంచి జారిపోయినా బల్బు మెరుస్తుంది. అంటే ప్లగ్ దాకా కరెంటు వచ్చిందో లేదో ఇది చెబుతుంది, ప్లగ్ మంచిదో కాదో చెప్పదు. బల్బు మెరిసీ బండి లేవకపోతే కొత్త ప్లగ్ వేసి చూడండి.

కిక్ కొడుతున్నా. ఒకటి... ఇంకోటి... చూశారా, బల్బు మెరవట్లేదు. కరెంటే రావట్లేదు.

ఇక్కడ చాలామంది "బ్యాటరీ వీకయింది, మార్చెయ్" అంటారు. పాత వంద సీసీ బండ్లలో చాలావాటికి స్పార్క్ బ్యాటరీ నుంచి రాదు. మ్యాగ్నెట్ దగ్గరి కాయిల్‌లో పుట్టి, సీడీఐ అనే చిన్న ఎలక్ట్రానిక్ డబ్బా మీదుగా ఇగ్నిషన్ కాయిల్‌కి, అక్కణ్ణుంచి ప్లగ్‌కి పోతుంది. అట్లాంటి బండికి కొత్త బ్యాటరీ వేస్తే హారన్ గట్టిగా మోగుతుంది, అంతే.

రెండో వస్తువు మల్టీమీటర్. మూడు నాలుగు వందల్లో వచ్చే మామూలుది చాలు. స్పార్క్ ఎప్పుడు పడాలో సీడీఐకి చెప్పే పల్సర్ కాయిల్‌ని దీంతో కొలవాలి. నిన్న ఇంట్లో, చల్లగా ఉన్నప్పుడు కొలిచి ఆ అంకె ఈ టేపు మీద రాసి అంటించా. అప్పుడు మాన్యువల్‌లో ఉన్న హద్దులోనే ఉంది. రాగి తీగ వేడెక్కితే నిరోధం పెరుగుతుంది, 50 డిగ్రీలు పెరిగితే దాదాపు ఐదో వంతు ఎక్కువ చూపిస్తుంది, దానికి టెన్షన్ పడొద్దు. ఇప్పుడు సాకెట్ ఊడదీసి పెడుతున్నా... మీటర్ ఏ అంకే చూపించట్లేదు. ఓపెన్! లోపల ఎక్కడో తీగ తెగి ఉంది, చల్లగా ఉంటే ఆనుకుంటోంది, వేడికి విడిపోతోంది. షెడ్డులో ఎన్నిసార్లు చూసినా దొరక్కపోవడానికి కారణం ఇదే.

మీటర్‌తో రెండు జాగ్రత్తలు. ఇగ్నిషన్ కాయిల్ ప్రైమరీ, అంటే లోపల తక్కువ చుట్లున్న తీగ, చాలా తక్కువ చూపిస్తుంది, కాబట్టి ముందు మీటర్ రెండు పిన్నులూ కలిపి, వచ్చిన అంకెని కొలతలోంచి తీసేయండి. సీడీఐని మీటర్‌తో తేల్చలేరు. అదే మోడల్‌ది, మంచిగా ఉన్నది అడిగి తెచ్చి పెట్టి చూడటమే దారి.

కిక్ మెత్తగా దిగిపోతుంటే, అంటే కంప్రెషన్ లేదనిపిస్తే, పిస్టన్ కిట్ అని పరుగెత్తకండి, ముందు టాపెట్, అంటే వాల్వు మీద ఉండే సన్నటి గ్యాప్ చూపించండి. గ్యాప్ మరీ తక్కువుంటే వేడికి వాల్వు పూర్తిగా మూసుకోదు. ఆ సెట్టింగ్ ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే చేయాలి, బండిని రాత్రే షెడ్డులో వదిలేసి రండి.

మూడోది కొత్త కార్బొరేటర్. బావకి అందరూ ఇచ్చిన సలహా ఇదే, బజార్లో చవక రకాలు బోలెడు. నేనైతే కొనొద్దంటా. జెట్ అంటే పెట్రోల్‌ని కొలిచి వదిలే సన్న రంధ్రమున్న ఇత్తడి ముక్క, దాని నంబరు మీ బండిది కాకపోతే మైలేజీ పోతుంది, పొద్దున స్టార్టింగ్ పోతుంది. ఒరిజినల్ బాడీ పగలకపోతే, స్లైడు అరిగి ఊగకపోతే దాన్నే కాపాడుకోండి. కింద డ్రెయిన్ స్క్రూ లూజు చేసి గిన్నెలోది సీసాలోకి పట్టండి, నీరుంటే అడుగున వేరుగా కనపడుతుంది. ఇప్పుడు బంకుల్లో పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, అది తేమని పీల్చుకుంటుంది, కాబట్టి నెలల తరబడి నిలబెట్టిన బండికి ఇది తప్పకుండా చూడాలి. జెట్లని క్లీనర్ స్ప్రేతో, గాలితో కడగండి. సూది, తీగ పెట్టి పొడవకండి, ఇత్తడి రంధ్రం పెద్దదవుతుంది. రబ్బరు భాగాలు విప్పాకే స్ప్రే కొట్టండి, కళ్ళకి అద్దాలు పెట్టుకోండి. ఫ్లోట్ నీడిల్, వాషర్లు ఉన్న రిపేర్ కిట్ తెచ్చుకుంటే చాలు.

బావ బండికి పల్సర్ కాయిల్ కొంటున్నాం, దాంతోపాటు కవర్ గాస్కెట్. పాత కాయిల్ విప్పి చేత్తో పట్టుకునే షాపుకి వెళ్తాం, ఎందుకంటే ఒకే పేరు బండికి ఏడాదిని బట్టి సాకెట్ మారుతుంది. కౌంటర్ దగ్గరే మీటర్ పెట్టి, కొలిచాకే డబ్బు ఇస్తాం.